మా బావగారి పేరున అమెరికా ఖజానాలో రహస్య ఖాతా ఉందట, నిజమేనా?

ముందు మీ ప్రశ్నను నా మాటల్లో చెబుతాను, పొరపాటుంటే దిద్దండి. డాలస్ దగ్గర ఉంటున్న మీ బావగారికి ఉద్యోగం పోయి ఏడు నెలలైంది. ఇంటి లోన్ వాయిదాలు మూడు ఆగాయి. ఈలోగా ఎవరో జూమ్‌లో చెప్పే క్లాసులకు డబ్బు కట్టి చేరారు. ప్రతి మనిషి పేరునా ట్రెజరీలో ఒక రహస్య ఖాతా ఉంటుందనీ, సరైన కాగితాలు సరైన పద్ధతిలో పంపితే అందులోంచే ఇంటి అప్పు తీరిపోతుందనీ అక్కడ నేర్పారు. ఆయన లోన్ కంపెనీకి కాగితాలు పంపడం మొదలుపెట్టారు. మీ అక్క భయపడి మీకు ఫోన్ చేసింది. ఇందులో నిజం ఏమైనా ఉందా, తమ మీద ప్రభుత్వానికి అధికారం లేదనే ఈ 'సావరిన్ సిటిజన్' వాళ్లను కొందరు టెర్రరిస్టులనీ కొందరు వెర్రివాళ్లనీ అంటున్నారు ఏది సరి, ఆయనకు చెప్పేదెలా అని మీరు అడిగారు. మీ స్నేహితుడొకరు "పెదనందిపాడులో మనవాళ్లు పన్ను కట్టం అన్నారు, వీళ్లూ అంతే కదా" అన్నారని కూడా రాశారు. ఆ మాటకూ జవాబు చెబుతాను. నా దృష్టిలో అసలు సంగతంతా అక్కడే ఉంది.

నేను టెక్సస్‌లో పద్దెనిమిదేళ్లుగా దివాలా కేసులూ ఇళ్ల జప్తు కేసులూ చూస్తున్న లాయర్ని. ఇలాంటి ఫైళ్లు పట్టుకుని నా ఆఫీసుకు వచ్చినవాళ్లను చాలామందిని చూశాను, అందులో మనవాళ్లూ ఉన్నారు. ఆ ఖాతా లేదు. ఆ కాగితాలతో ఒక్క డాలరు అప్పు కూడా తీరదు. ఈ వాదనతో ఇల్లు నిలబెట్టుకున్నవాణ్ణి ఒక్కణ్ణి కూడా నేను చూడలేదు.

వాళ్లు చెప్పే కథ ఇలా సాగుతుంది. 1933లో అమెరికా దివాలా తీసింది. అప్పులకు హామీగా తన పౌరుల్నే తాకట్టు పెట్టింది. బిడ్డ పుట్టగానే ఇచ్చే బర్త్ సర్టిఫికెట్టే ఆ తాకట్టు బాండు. ఆ క్షణం నుంచి మనిషి ఇద్దరవుతాడు. ఒకడు రక్తమాంసాల మనిషి, ఇంకొకడు ప్రభుత్వం సృష్టించిన గడ్డిబొమ్మ. లోన్ కాగితాల మీద, లైసెన్సు మీద అన్నీ పెద్దక్షరాల్లో ఉండే పేరు ఆ గడ్డిబొమ్మది. అప్పు దానిది, పన్ను దానిది, కోర్టు సమన్లు దానికే. దాన్ని మన చేతిలోకి తెచ్చుకుంటే దాని పేరున ఉన్న సొమ్మూ మనదే.

మన భాషలో పెద్దక్షరాలు, చిన్నక్షరాలు లేనే లేవు. ఆ లెక్కన తెలుగులో సంతకం పెట్టేవాడికి గడ్డిబొమ్మ బెడదే ఉండకూడదు. పైగా పాస్‌పోర్టులో ఇంటిపేరు ముందు, లైసెన్సులో వెనక, ఆఫీసులో రెండూ కలిపి ఒకటి. మనలో ఒక్కొక్కడికి నాలుగైదు గడ్డిబొమ్మలు తేలతాయి. ఇంకా తమాషా ఏమిటంటే, మీ బావగారు పుట్టింది తెనాలిలో అని మీరే రాశారు. ఆ బాండేదో ఉంటే తెనాలి మున్సిపాలిటీ బీరువాలో ఉండాలి గానీ వాషింగ్టన్‌లో ఎందుకుంటుంది? ఇదే మాట ఒక క్లయింటును అడిగితే, సోషల్ సెక్యూరిటీ నంబరు తీసుకున్న రోజున రెండోసారి పుట్టినట్టని వాళ్ల గురువు చెప్పాడట.

1933లో జరిగిందేమిటి? అప్పట్లో చాలా ఒప్పందాల్లో "బాకీ బంగారంలో చెల్లించాలి" అనే షరతు ఉండేది. ఆ ఏడాది జూన్ 5న కాంగ్రెస్ ఉభయసభలూ తీర్మానం చేసి ఆ షరతు చెల్లదన్నాయి. మామూలు డాలర్లతో బాకీ తీర్చవచ్చన్నాయి. అంతే. అందులో పిల్లల మాటా లేదు, బర్త్ సర్టిఫికెట్ మాటా లేదు. అబద్ధం అల్లేవాడికి కూడా ఒక నిజమైన తేదీ కావాలి, మేకు కొట్టి తగిలించుకోవడానికి.

ఇక కాగితాల తంతు. బిల్లు మీద అడ్డంగా 'యాక్సెప్టెడ్ ఫర్ వేల్యూ' అని రాసి తిప్పి పంపడం. పేరు మధ్యలో కోలన్లు, గీతలు పెట్టడం. ఎర్ర సిరాతో వేలిముద్ర. సంతకం కింద యూనిఫామ్ కమర్షియల్ కోడ్ (వ్యాపార ఒప్పందాల చట్టం)లోని ఫలానా సెక్షన్ నంబరు. కోర్టులో జెండాకు బంగారు రంగు అంచు ఉంటే అది సముద్ర వ్యవహారాల న్యాయస్థానమని, తన మీద దానికి అధికారం లేదని వాదించడం. కారు నడుపుతూ "నేను డ్రైవింగ్ చేయడం లేదు, ప్రయాణం చేస్తున్నాను, లైసెన్సు అక్కర్లేదు" అనడం. సంతకం కింద రాసే ఆ సెక్షన్ నిజంగానే ఉంది. ఒప్పందం విషయంలో తగాదా ఉన్నప్పుడు, నా హక్కులు వదులుకోకుండా ఈ పని చేస్తున్నాను అని చెప్పుకోవడానికి వాడతారు. అప్పు మాఫీకీ దానికీ సంబంధం లేదు. తాయెత్తులోని రేకు మీద ఏం రాసి ఉందో కట్టుకున్నవాడు ఎప్పుడూ చదవడు కదా, ఇదీ అలాంటిదే.

మనవాళ్లు, ముఖ్యంగా సాఫ్ట్‌వేర్‌లో ఉన్నవాళ్లు ఇందులో తేలిగ్గా పడడానికి ఒక కారణం ఉందని నా అనుమానం. వాళ్లు చట్టాన్ని కోడ్ లాగా చూస్తారు. సింటాక్స్ సరిగ్గా కొడితే అవుట్‌పుట్ రావాల్సిందే, రాలేదంటే ఎక్కడో కామా తప్పింది. గురువు చెప్పేదీ అదే: "బ్యాంకు ఒప్పుకోలేదా? రెండో పేజీలో వేలిముద్ర ఎడమ వైపు వేశావు. మూడో క్లాసు తీసుకో." జడ్జి కంపైలర్ కాదు. కాగితం మీద గీతలు ఎటు ఉన్నాయో చూడడు. అప్పు తీసుకున్నావా, కట్టావా, ఈ రెండే అడుగుతాడు.

పెదనందిపాడు మాటకు వస్తాను. 1921-22లో పర్వతనేని వీరయ్య చౌదరి నాయకత్వంలో ఆ ఫిర్కా రైతులు శిస్తు కట్టం అన్నారు. అంతకుముందే చీరాల-పేరాలలో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య వెంట జనం మున్సిపాలిటీ పన్ను కట్టబోమని ఊరే ఖాళీ చేసి, బయట రామనగరంలో పాకలు వేసుకుని నెలల తరబడి ఉన్నారు. వాళ్లు ఏమన్నారో చూడండి. "మీ చట్టం ప్రకారం మేం కట్టాలి, అది మాకు తెలుసు. ఆ చట్టం అన్యాయం కాబట్టి కట్టం. జప్తు చేసుకోండి, జైల్లో పెట్టండి." బహిరంగంగా చెప్పారు, వచ్చిన కష్టాన్ని నెత్తిన వేసుకున్నారు. సావరిన్ వాదం దీనికి సరిగ్గా తలకిందులు. "మీ చట్టం ప్రకారమే నేను కట్టక్కర్లేదు. ఆ సంగతి మీరు దాచారు, నేను కనిపెట్టాను" అంటుంది. త్యాగం లేదు, శిక్షకు సిద్ధపడడం లేదు. అందుకే దీన్ని చట్టం మీద తిరుగుబాటు అంటే నేను ఒప్పుకోను. ఇది చట్టం మీద మూఢభక్తి. చట్టం మంత్రమనీ, అసలు బీజాక్షరాలు పెద్దవాళ్లు దాచుకున్నారనీ నమ్మకం. మంత్రం పలికినా దేవుడు పలకనప్పుడు భక్తుడికి వచ్చే కోపం ఉంటుందే, ప్రమాదమంతా అక్కడ మొదలవుతుంది.

ఈ చెట్టు ఎక్కడ మొలిచిందో తెలిస్తే మీ బావగారు ఉలిక్కిపడతారు. 1960ల చివర్లో పుట్టిన పాసీ కొమిటేటస్ అనే గుంపు దీనికి మూలం. జిల్లా షెరిఫ్‌కు మించిన అధికారం ఎవరికీ లేదనేది వాళ్ల సిద్ధాంతం. దాంతోపాటు యూదుల మీద, నల్లవాళ్ల మీద ద్వేషం. 1980 చివరికి బ్యాంకుల ప్రైమ్ వడ్డీ రేటు 21 శాతం దాటింది. ఆ దశాబ్దంలో మధ్య అమెరికా రైతుల పొలాలు వరసగా వేలానికి వచ్చాయి. గుంపులోనివాళ్లు ఆ పల్లెలకు వెళ్లి "నీ అప్పే చెల్లదు" అన్నారు. మునిగేవాడికి గడ్డిపోచ. నార్త్ డకోటాలో గార్డన్ కాల్ అనే రైతు, రెండో ప్రపంచ యుద్ధంలో పనిచేసినవాడు, పన్ను కట్టనని జైలుకు వెళ్లొచ్చినవాడు. 1983 ఫిబ్రవరిలో అరెస్టు చేయడానికి వచ్చిన ఇద్దరు మార్షల్స్‌ను (ఫెడరల్ పోలీసుల్ని) కాల్చి చంపాడు. జూన్‌లో ఆర్కన్సాలో ఒక షెరిఫ్ ప్రాణం కూడా తీసి, తానూ పోయాడు.

ఆ పాత సిద్ధాంతంలో ఒక ముఖ్యమైన ముక్క ఉంది. బానిసత్వం పోయాక 1868లో వచ్చిన 14వ సవరణ వల్ల పౌరులైనవాళ్లు రెండో రకం పౌరులనీ, అసలు 'సార్వభౌమ' పౌరులు తామేననీ. అంటే ముఖ్యంగా నల్లవాళ్లను ఉద్దేశించిన మాట అది. ఇవాళ ఆ పదజాలాన్నే తాము ఉత్తర ఆఫ్రికా మూర్ల వారసులమంటూ మూరిష్ పేరు పెట్టుకున్న నల్లజాతి గుంపులు కొన్ని వాడుతున్నాయి. 2021 జూలై 3న మసాచుసెట్స్‌లో హైవే పక్కన తుపాకులతో గంటల తరబడి నిలబడి అరెస్టయిన 11 మంది అలాంటివాళ్లే. తనను కించపరచడానికి పుట్టిన సిద్ధాంతాన్నే మనిషి ఎలా నెత్తిన పెట్టుకుంటాడో చూడండి. మన సంగతి మాత్రం ఏమిటి? ఇక్కడ పుట్టిన మన పిల్లలకు పౌరసత్వం వచ్చింది ఆ 14వ సవరణ వల్లే. మీ బావగారి ఇద్దరు పిల్లల నీలం పాస్‌పోర్టులకు ఆధారం అదే. జూమ్ గురువు ఆ సవరణను బానిస సంకెళ్లంటున్నాడు, మీ బావగారు డబ్బు కట్టి మరీ వింటున్నారు.

అమ్మేవాళ్ల గురించి రెండు మాటలు. ఇది సిద్ధాంతం కన్నా ముందు వ్యాపారం. విన్‌స్టన్ ష్రౌట్ అనే ఆయన సెమినార్లు పెట్టి ఇవే పాఠాలు చెప్పేవాడు. మొత్తం వంద ట్రిలియన్ డాలర్లకు పైబడిన విలువ వేసి దొంగ చెల్లింపు పత్రాలు తయారుచేశాడు.  2017లో నేరం రుజువై, మరుసటి ఏడాది పదేళ్ల శిక్ష పడింది. అతని దగ్గర నేర్చుకున్నవాళ్ల ఫీజులు మాత్రం వెనక్కి రాలేదు.

ఇంకో సెమినార్ గురువు జెర్రీ కేన్. అప్పులు మాఫీ చేయించుకోవడం ఎలాగో నేర్పుతూ కొడుకుతో ఊరూరా తిరిగేవాడు. 2010 మే 20న ఆర్కన్సాలోని వెస్ట్ మెంఫిస్ దగ్గర హైవే మీద పోలీసులు వాళ్ల వ్యానును మామూలు తనిఖీకి ఆపారు. కొడుకు వయసు 16. రైఫిల్‌తో దిగి ఇద్దరు పోలీసుల్నీ కాల్చేశాడు. కాసేపటికి తండ్రీకొడుకులిద్దరూ కూడా పోలీసు కాల్పుల్లో చనిపోయారు. మరణించిన పోలీసుల్లో ఒకరు ఆ ఊరి పోలీస్ చీఫ్ బాబ్ పాడర్ట్ కన్నకొడుకు. ఆ తండ్రి తర్వాత దేశమంతా తిరిగి, వీళ్లను ఎలా గుర్తించాలో పోలీసులకు చెప్పడం పనిగా పెట్టుకున్నాడు. తుపాకీ పట్టిన ఆ పదహారేళ్ల పిల్లవాడికి అప్పు ఏముంటుంది? నాన్న చెప్పిన పాఠం తప్ప.

ఇప్పుడు టెర్రరిస్టులా, వెర్రివాళ్లా అన్న మీ ప్రశ్న. వెస్ట్ మెంఫిస్ తర్వాత చర్చ బాగా ముదిరింది. ఎఫ్‌బీఐ వీళ్లను దేశీయ ఉగ్రవాదం కోవలో చేర్చింది. 2014లో వచ్చిన ఒక విశ్వవిద్యాలయ సర్వేలో రాష్ట్ర, స్థానిక పోలీసులు తమకు అన్నిటికన్నా పెద్ద ముప్పు సావరిన్ సిటిజన్లేనని చెప్పారు. ఇస్లామిస్టు తీవ్రవాదాన్ని రెండో స్థానంలో పెట్టారు. వీళ్లు ఎంతమంది అంటే, 2011లో ద్వేష గుంపుల మీద కన్నేసి ఉంచే సదరన్ పావర్టీ లా సెంటర్ మూడు లక్షలన్నది. అది అంచనా, సభ్యత్వ రసీదులిచ్చే పార్టీ కాదుగా లెక్కపెట్టడానికి.

టెర్రరిస్టు ముద్ర వద్దనే రెండో పక్షం వాదన కూడా తేలిగ్గా తీసేయదగ్గది కాదు. నమ్మకం నేరం కాదు. 1969లో సుప్రీంకోర్టు ఇచ్చిన బ్రాండెన్‌బర్గ్ తీర్పు ప్రకారం ప్రభుత్వాన్ని తిట్టడమే కాదు, హింస మంచిదని వాదించినా, అది అప్పటికప్పుడు దౌర్జన్యానికి ఉసిగొల్పేది కాకపోతే శిక్షించడానికి లేదు. ఫెడరల్ చట్టంలో దేశీయ ఉగ్రవాదానికి నిర్వచనం ఉంది గానీ, ఆ పేరుతో విడిగా నేరం లేదు. పోలీసులకు "వీడు సావరిన్, జాగ్రత్త" అని నూరిపోస్తే, రోడ్డు పక్కన పిచ్చివాదం చేసే ప్రతివాడి మీదకూ చెయ్యి తుపాకీ వైపు వెళ్తుంది. ఆ చెయ్యి ఎవరి విషయంలో ముందు వెళ్తుందో ఇక్కడ నల్లవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

దీంట్లోనే ఇంకో ముడి ఉంది. ప్రభుత్వాన్ని ఎదిరించే గుంపులన్నిటినీ ఒకే గంపలో వేస్తున్నారు. నెవాడాలో పశువుల మేత రుసుము కట్టని బండీ కుటుంబం, 2016లో ఆరెగాన్‌లోని మల్హూర్ పక్షుల అభయారణ్యాన్ని 41 రోజులు పట్టుకుని కూర్చున్నవాళ్లు కేంద్ర ప్రభుత్వ భూముల గురించి పోట్లాడారు. అది పశ్చిమ రాష్ట్రాల పాత తగాదా, దాని న్యాయాన్యాయాలు వేరు. ఆ ఆక్రమణ కేసులో అమన్ బండీని జ్యూరీ వదిలేసింది. ఓత్ కీపర్స్ అనే సాయుధ గుంపు రాజకీయం ఇంకోటి. 2021 జనవరి 6 నాటి క్యాపిటల్ దాడి కేసులో దాని నాయకుడు స్టూవర్ట్ రోడ్స్‌కు 2023లో 18 ఏళ్ల శిక్ష వేసింది ఒక ప్రభుత్వ హయాంలో, 2025 జనవరిలో శిక్ష తగ్గించి బయటికి పంపింది ఇంకో ప్రభుత్వం. ఎవరు దేశద్రోహి అన్నది ఎన్నికల్ని బట్టి మారుతుంటే, ఆ ముద్రకు విలువేముంది?

నా అభిప్రాయం అడిగారు కాబట్టి చెబుతున్నాను. వీళ్లలో వందకు తొంభైమంది పైగా అప్పులవాళ్లు, విడాకుల్లో పిల్లల కస్టడీ పోగొట్టుకున్నవాళ్లు, పన్ను నోటీసు చూసి నిద్రపట్టనివాళ్లు. ఈ లెక్క నా ఆఫీసు కుర్చీలో కూర్చుని వేసింది, సర్వే కాదు. వాళ్లకు టెర్రరిస్టు ముద్ర వేస్తే గురువులకే లాభం: "చూశారా, మనం నిజం చెప్పాం కాబట్టే భయపడుతున్నారు." అలాగని నవ్వి వదిలేయడమూ తప్పే. యూట్యూబ్‌లో పోలీసులు వీళ్ల కారు అద్దం పగలగొట్టే వీడియోలు చూసి నవ్వుకునే జనానికి కార్లో వెనక సీట్లో ఉన్న పిల్లలు కనిపించరు. కావలసింది ఓపిక, మెత్తబడని ఓపిక. 1996లో మోంటానాలో ఫ్రీమెన్ అనే గుంపు దొంగ చెక్కులు, దొంగ లీన్‌లతో (ఒకరి ఆస్తి మీద బాకీ ఉందని నమోదు చేసే కాగితాలతో) ఊరందరినీ వేపుకుతిని, ఒక పొలంలో ఆయుధాలతో దాక్కుంది. అంతకు మూడేళ్ల ముందు టెక్సస్‌లోని వేకోలో ఒక మతగుంపును ముట్టడించినప్పుడు పదులమంది చనిపోయిన ఘోరం ఎఫ్‌బీఐకి బాగా గుర్తుంది. కంచె దాటకుండా 81 రోజులు కాపు కాశారు. ఒక్క తూటా పేలలేదు, అందరూ లొంగిపోయారు, నాయకులకు కోర్టులో శిక్షలు పడ్డాయి. టీవీలో చూడడానికి ఏమీ లేదు. పోలీసు పని అంటే నాకు అదే.

కోర్టులోనూ అంతే. 2021లో విస్కాన్సిన్‌లోని వాకెషాలో క్రిస్మస్ పరేడ్ మీదకు కారు తోలి ఆరుగురి ప్రాణం తీసిన డారెల్ బ్రూక్స్, లాయర్‌ను వద్దని ఈ వాదనలే చేశాడు. ఆ పేరుతో తనను తాను గుర్తించనన్నాడు. జడ్జి జెన్నిఫర్ డోరో అతన్ని పక్క గదికి పంపాల్సి వచ్చినప్పుడు పంపుతూ, అతని ప్రతి హక్కూ అతనికి చదివి వినిపిస్తూ వారాల పాటు విచారణ నడిపింది. 76 అభియోగాలూ రుజువయ్యాయి. తొందరపడి ఒక్క తప్పు చేసి ఉంటే అప్పీలుకు దారి దొరికేది.

ఇది అమెరికా వెర్రి మాత్రమే అనుకోకండి. కెనడాలో 2012లో జస్టిస్ రూక్ ఒక విడాకుల కేసులో ఏడు వందలకు పైగా పేరాల తీర్పు రాసి ఈ వాదనలన్నిటినీ ఒక్కొక్కటిగా విప్పి చూపించాడు. నాకు తెలిసినంతలో దీని మీద అంతకన్నా మంచి పాఠం లేదు. జర్మనీలో 2022 డిసెంబరులో ఒక రాజవంశీకుణ్ణి ముందు పెట్టుకుని ప్రభుత్వాన్ని పడగొట్టాలనుకున్నవాళ్ల మీద వేలమంది పోలీసులు దాడి చేశారు. మన మథురలోనే, జవహర్ బాగ్‌లో రామ్ వృక్ష్ యాదవ్ మనుషులు రెండేళ్లు తిష్ట వేశారు. రూపాయికి 60 లీటర్ల డీజిల్ ఇవ్వాలి, ప్రధాని ఎన్నిక రద్దు చేయాలి అనేవారు. జనం నవ్వారు. 2016 జూన్ 2న ఖాళీ చేయించబోతే ఇద్దరు పోలీసు అధికారులతో కలిపి ఇరవైమందికి పైగా చనిపోయారు. రెండేళ్ల నవ్వుకు ఖరీదు అది.

మీ బావగారి పక్షాన ఒక మాట చెప్పాలి. బ్యాంకులు కాగితాల్లో మోసం చేస్తాయన్న ఆయన అనుమానం ఊరికే రాలేదు. 2010 ప్రాంతంలో ఇళ్ల జప్తు కేసుల్లో పెద్ద పెద్ద సంస్థల ఉద్యోగులు చదవకుండానే రోజుకు వందల అఫిడవిట్ల మీద సంతకాలు చేశారని బయటపడింది. 2012లో అయిదు పెద్ద సంస్థలు 49 రాష్ట్రాలతో 25 బిలియన్ డాలర్ల రాజీ చేసుకున్నాయి. కాబట్టి "బ్యాంకు కాగితం సరిగ్గా ఉందా" అని అడగడం పూర్తిగా న్యాయమైన ప్రశ్న. దాన్ని అడిగే దారి వేరు. లోన్ సర్వీసర్‌కు (వాయిదాలు వసూలు చేసే కంపెనీకి) రాతపూర్వకంగా సమాచారం కోరుతూ ఉత్తరం రాస్తే జవాబివ్వాల్సిన బాధ్యత ఫెడరల్ నిబంధనల్లోనే ఉంది. గడ్డిబొమ్మ అక్కర్లేదు.

ఇప్పుడు మీ అక్క చేయాల్సింది. ఇక్కడి లైసెన్సు ఉన్న లాయర్ని విడిగా కలవమనండి, ఇది దానికి బదులు కాదు.

ఆయన ఏ కాగితం తెచ్చినా ఆవిడ సంతకం పెట్టకూడదు, నోటరీ దగ్గరికి వెంట వెళ్లకూడదు. ముఖ్యంగా ట్యాక్స్ రిటర్న్. ఈ క్లాసుల్లో తర్వాతి మెట్టు వడ్డీ ఆదాయం చూపడానికి వాడే 1099-ఓఐడి అనే ఫారంతో లక్షల రీఫండ్ అడగడం. అలాంటి పనికిమాలిన రిటర్న్‌కు పన్నుల శాఖ ఐఆర్‌ఎస్ 5,000 డాలర్ల జరిమానా వేస్తుంది. ఉమ్మడి రిటర్న్ అయితే పన్ను బాకీ ఇద్దరి మెడకూ పూర్తిగా చుట్టుకుంటుంది. ఆయన ఆ దారిలో వెళ్తాననే పక్షంలో ఆవిడ ఈ ఏడాది విడిగా ఫైల్ చేయడం మేలు.

గ్రీన్‌కార్డు మీద ఉన్నారన్నారు. ఇది గురువు చెప్పని సంగతి. నష్టం పదివేల డాలర్లు దాటిన మోసం గానీ పన్ను ఎగవేత గానీ రుజువైతే ఇమ్మిగ్రేషన్ చట్టంలో అది అగ్రవేటెడ్ ఫెలొనీ, అంటే దేశం నుంచి పంపేయదగ్గ తీవ్ర నేరం. ఇక్కడ పుట్టినవాడు అదే పని చేస్తే జైలుకు వెళ్లి ఇంటికి వస్తాడు. మీ బావగారికి ఇల్లే ఇంకో ఖండంలో ఉంటుంది.

లోన్ కంపెనీ ఉద్యోగి మీదో, జడ్జి మీదో 'మాకు బాకీ' అంటూ కౌంటీ క్లర్క్ దగ్గర లీన్ నమోదు చేయమని నేర్పుతారు. అది ఇంకా చేయకపోతే అదృష్టం. టెక్సస్‌లో తెలిసి దొంగ లీన్ వేస్తే కనీసం పదివేల డాలర్ల పరిహారం. ఈ చట్టం 1997లో వచ్చింది, టెక్సస్ వేరే దేశమంటూ రిపబ్లిక్ ఆఫ్ టెక్సస్ అని చెప్పుకున్న గుంపు చేసిన అల్లరి రోజుల్లో. ఫెడరల్ జడ్జి మీదో అధికారి మీదో వేస్తే పదేళ్ల వరకూ జైలు.

ఇల్లు. టెక్సస్‌లో జప్తుకు సాధారణంగా కోర్టు కేసు కూడా అక్కర్లేదు, అందుకే వేగంగా జరుగుతుంది. మామూలుగా వాయిదాలు ఆగి 120 రోజులు దాటేవరకు జప్తు ప్రక్రియ మొదలుపెట్టకూడదు. బాకీ సరిచేసుకోవడానికి 20 రోజుల నోటీసు, ఆ తర్వాత వేలానికి కనీసం 21 రోజుల ముందు ఇంకో నోటీసు. వేలం నెలలో మొదటి మంగళవారం. ఆ వేలంలో ఇల్లు పోతే డబ్బు కట్టి మళ్లీ విడిపించుకునే హక్కు ఈ రాష్ట్రంలో లేదు. వేలానికి 37 రోజులకన్నా ముందే లోన్ సర్దుబాటుకు పూర్తి దరఖాస్తు వాళ్ల చేతికి అందితే, దాని మీద నిర్ణయం చెప్పకుండా వేలానికి వెళ్లకూడదు. అదీ కాకపోతే చాప్టర్ 13 దివాలా ఉంది. ఫైల్ చేసిన నిమిషం నుంచి వేలం ఆగుతుంది, ఆగిన వాయిదాలను మూడు నుంచి అయిదేళ్లలో కట్టుకోవచ్చు. ఫెడరల్ గృహనిర్మాణ శాఖ హెచ్‌యూడీ ఆమోదించిన హౌసింగ్ కౌన్సెలర్లు జప్తు విషయంలో ఉచితంగానే మాట్లాడతారు. నిజమైన చట్టంలోనే ఇన్ని తలుపులున్నాయి. నా దగ్గరికి వచ్చిన ఒక తెలుగాయన ఎనిమిది నెలలు ఎర్ర వేలిముద్రలు వేస్తూ కూర్చుని, వేలం అయిపోయిన గురువారం నాడు వచ్చాడు. ఫైలు చాలా అందంగా ఉంది, ట్యాబులు కూడా పెట్టాడు. నేను చేయగలిగింది ఖాళీ చేయడానికి గడువు అడగడం ఒక్కటే.

చివరిది, ఆయనకు చెప్పేదెలా. బావకు బామ్మర్ది బుద్ధి చెబితే వినే సంప్రదాయం మనకు లేదు, ప్రయత్నించకండి. సిద్ధాంతం మీద వాదించకండి, ఆయన మీకన్నా ఎక్కువ సెక్షన్లు బట్టీ పట్టి ఉంటారు. డబ్బు సంగతి అడగండి. "గురువుగారి ఇంటి లోన్ ఇలాగే తీరిందా? ఆ విడుదల పత్రం కౌంటీ రికార్డులో చూపించమనండి, అవి బహిరంగమే కదా." ఇంతే. నేను ఇద్దరు ముగ్గురి చేత ఈ ప్రశ్న అడిగించాను. ఒకరికి గురువు జవాబే ఇవ్వలేదు, ఇంకొకరిని గ్రూపులోంచి తీసేశాడు. తీసేయించుకున్న ఆయన మర్నాడే నాకు ఫోన్ చేశాడు. ఉద్యోగం పోయిన మగవాడు ఇంట్లో అందరి ముందూ చిన్నబోయి, తనకొక్కడికే తెలిసిన రహస్యం దొరికిందని నిటారుగా నిలబడ్డాడు. అది లాగేసేటప్పుడు మెల్లగా లాగండి. మీ నాన్నగారు ఉంటే ఆయన చేత మాట్లాడించండి, అదీ అప్పు గురించి కాదు, పిల్లల చదువు గురించి.

లోన్ కంపెనీ నుంచి వచ్చిన ఆఖరి ఉత్తరం ఏ తేదీదో, దాని మీద 'నోటీస్ ఆఫ్ డిఫాల్ట్' అని ఉందో 'నోటీస్ ఆఫ్ సేల్' అని ఉందో మీ అక్కను చూసి చెప్పమనండి. రెండోదైతే ఈ వారమే లాయర్ దగ్గర ఉండాలి.